పప్పుకి జియోట్యాగు

గోదావరి జిల్లాల్లో పప్పు ఉడికిందో లేదో చూడాలంటే గరిటె వెనక్కి తిప్పి మెదిపేవారు. ఇప్పుడు అక్షాంశం, రేఖాంశం చూస్తున్నారు. సర్కారు గ్రాంటు తీసుకుని దిక్కులేనివాళ్ళకి నాలుగు మెతుకులు పెట్టే సంస్థ ఏ మూలున్నా సరే, తనిఖీ నాడు ఫోను తీసి, లొకేషన్ ఆన్ చేసి, గిన్నె మీదికి వంగి ఫొటో దించాల్సిందే. ఫొటో అడుగున తేదీ, టైము, 16 డిగ్రీల చిల్లర ఉత్తరం, 81 డిగ్రీల చిల్లర తూర్పు అని పడితే అది గవర్నమెంటు గుర్తించిన పప్పు. టవరు అందక పడలేదనుకోండి, తిన్నవాళ్ళు బ్రేవుమని త్రేన్చినా అది పప్పు కాదు. ఆయ్, మరంతేనండి.

రాజోలు వైపు అనుకోండి, కొత్తపేట వైపు అనుకోండి, ఏదో ఒక లంక ఊళ్ళో పాతికమంది ముసలివాళ్ళుండే ఆశ్రమం ఒకటి ఉందనుకుందాం. దానికి పేరు పెట్టను. పెడితే ఆ పేరున్న సంస్థ నిజంగా ఎక్కడో ఉంటుంది, రేపు షోకాజు నోటీసు దానికెళ్తుంది. నడిపేది రిటైరైన ఒక మాస్టారు. పాతిక అన్న అంకె మాత్రం నాది కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ వృద్ధుల కోసం నడిపే పథకంలో, 2021 నుంచి అటల్ వయో అభ్యుదయ యోజన అంటున్నదాంట్లో, ఆశ్రమం అంటే పాతికమంది లెక్క. అందుకని అక్కడ ఎవరైనా కాలం చేస్తే దుఃఖాలు రెండు. మనిషి పోయిందన్నది ఒకటి, తల తగ్గిందన్నది రెండోది. మొదటిదానికి పదకొండో రోజో పన్నెండో రోజో ముగింపుంది. రెండోదానికి పక్క ఊళ్ళో ఇంకో దిక్కులేని మనిషిని వెతికి, ఆధార్ కార్డు జిరాక్సు తీయించేదాకా ముగింపు లేదు.

తనిఖీకి సారొచ్చారు.

"ఏవండీ మాస్టారూ, స్టాకు రిజిస్టరు ఏదండీ?"

"ఇదిగోనండి."

"కందిపప్పు క్లోజింగ్ బ్యాలెన్సు 11 కేజీల 400 గ్రాములని రాశారు. డబ్బా చూస్తే ఎక్కువున్నట్టుందే?"

"ఊళ్ళో ఒకాయన వాళ్ళమ్మగారి ఆబ్దికానికని రెండు కేజీలు ఇచ్చెళ్ళారండి."

"రసీదిచ్చారా?"

"ఆబ్దికానికి రసీదేంటండీ?"

"పోనీ దాత పాన్ నంబరు?"

మాస్టారు ఆకాశం వంక చూశారు. సారు పెన్ను తీసి రిమార్కు రాశారు: లెక్కలో లేని పప్పు కలదు. పప్పు తక్కువైతే దొంగతనం, ఎక్కువైతే అవకతవక, సరిగ్గా సరిపోతే అనుమానం. గ్రాములతో సహా సరిపోయిందంటే రాత్రి కూర్చుని రాసుంటారు కదా!

సారుని నేను ఆడిపోసుకోను. ఆయనకి సొంత సీటొకటి, ఇన్‌చార్జి సీట్లు రెండు. మధ్యాహ్నం మూడింటికి కలెక్టరేట్‌లో వీడియో కాన్ఫరెన్సు. జీపులో డీజిలు తక్కువ. వరండాలో కూర్చున్న మామ్మ పక్కన రెండు నిమిషాలు చతికిలబడి, "రాత్రిపూట దగ్గొస్తే ఎవరైనా లేచొస్తారా మామ్మా?" అని అడగాలని ఆయనకీ ఉంటుంది. అడిగితే వచ్చిన జవాబు ఎక్కడ రాయాలి? ప్రొఫార్మాలో ఆ గడి లేదు. గదుల కొలతలు రాయడానికి ఉంది. మంటలార్పే సిలిండరు గడువు తేదీకి ఉంది. బోర్డు మీద మంత్రిత్వ శాఖ పేరు రాశారా లేదా అనడానికి ఉంది. మామ్మ దగ్గుకి లేదు.

మామ్మకి దక్కిందల్లా వేలిముద్ర మిషను. జీవితమంతా అంబాజీపేట కళ్ళాల్లో కొబ్బరి పీచు ఒలిచిన చేతులవి. ఆ వేళ్ళ మీద గీతలన్నీ ఎప్పుడో అరిగి పీచులో కలిసిపోయాయి. మిషను మీద బొటనవేలు పెడితే రాదు, చూపుడువేలు పెడితే రాదు. "నేనేరా బాబూ" అని మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నా మిషను ఒప్పుకోదు. తిండికి వచ్చిన మనిషి హాజరులో రాలేదు. ఆ పూట ఆమె తిన్న అన్నం ఎవరు తిన్నట్టో తేల్చడానికి మళ్ళీ ఒక కాగితం.

2022 ఏప్రిల్ 4న కోనసీమ విడి జిల్లా అయింది. అంతకుముందు ఇలాంటి కాగితం యానాం-ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ వెళ్ళి సంతకం పెట్టించుకుని వచ్చేది. ఇప్పుడు అమలాపురంలోనే పని జరుగుతుంది. మాస్టారికి బస్సు చార్జీ కలిసొచ్చింది. కాగితం మాత్రం అమలాపురంలో ఆగుతుందా? అక్కణ్ణించి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి. పోర్టల్లో ఒకసారి, ఫైల్లో ఇంకోసారి. ఆన్‌లైన్ అయ్యాక కాగితం తగ్గుతుందన్నారు. అప్‌లోడు చేసినదాని ప్రింటవుటు తీసి, దాని మీద సంతకం పెట్టి, స్కాన్ చేసి మళ్ళీ అప్‌లోడు చేస్తున్నారు.

ఈ ప్రయాణం చేసే కాగితాల్లో పెద్దది యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం. కేంద్రం 2017లో తిరగరాసిన సాధారణ ఆర్థిక నిబంధనలున్నాయి, ఆఫీసు భాషలో జీఎఫ్ఆర్. గ్రాంటు తీసుకున్నవాడు ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా 12-ఏ నమూనాలో యూసీ ఇవ్వాలంటుంది. వచ్చిందెంత, ఖర్చయిందెంత, మిగిలిందెంత, మిగిలింది ఏంచేశావు. ప్రజల డబ్బు కనుక అడగాల్సిందే, ఎవరూ కాదనరు. కానీ అదే జీఎఫ్ఆర్‌లో 230వ నిబంధన దగ్గర ఇంకో ముచ్చటుంది. గ్రాంటు డబ్బు బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ పడిన వడ్డీని సంస్థ వాడుకోకూడదు. లెక్కలు ముగిసిన వెంటనే అణాపైసలతో భారత సంచిత నిధికి తిరిగి కట్టాలి. ఖాతాలో 214 రూపాయల వడ్డీ పడిందనుకోండి, మాస్టారు చలానా రాయించి ఆ 214 రూపాయలు దేశ ఖజానాకి పంపుతారు. దేశం ఒడ్డెక్కుతుంది.

ఇప్పుడు రెండో వైపు రండి. ఈ ఏడాది రావలసిన గ్రాంటు, కిందటేడు యూసీలో ఒక సంతకం పక్కన ముద్ర సరిగా పడలేదని ఆగింది. ముద్ర పడింది, తనిఖీ నివేదిక రాలేదు. నివేదిక వచ్చింది, బడ్జెట్ హెడ్డులో డబ్బు లేదు. పండగ వెళ్ళింది, మార్చి వెళ్ళింది. పాతికమందీ మాత్రం రోజూ రెండు పూటలా తింటున్నారు. వాళ్ళకి ఆర్థిక సంవత్సరం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మాస్టారు అంబాజీపేట కిరాణా కొట్లో బియ్యం అప్పు తెచ్చారు. వడ్డీ నెలకి నూటికి రెండు రూపాయలు. ఆయన భార్య గాజులు సహకార బ్యాంకు లాకర్లో విశ్రాంతి తీసుకుంటున్నాయి. చివరికి గ్రాంటు వచ్చింది. అప్పు మీద కట్టిన వడ్డీని ఖర్చులో చూపించబోతే ఆడిటరు కళ్ళజోడు సవరించుకుని, "ఈ ఐటం అంగీకరించం సార్, వంటింటికీ వడ్డీకీ సంబంధం లేదు" అన్నాడు. సర్కారు ఇచ్చిన డబ్బుకి వడ్డీ ఉంది, సర్కారు ఇవ్వని డబ్బుకి లేదు. ఇన్నేళ్ళ లెక్కల మాస్టారికి ఈ లెక్క కొత్త.

దివ్యాంగుల సంస్థలకు ఇచ్చే దీన్‌దయాళ్ పునరావాస పథకంలో ఇంకో మెలిక. కేంద్రం 90 శాతం దాకా ఇస్తుంది, తక్కిన 10 శాతం సంస్థే పెట్టుకోవాలి. సొంత చెయ్యి పడితే బాధ్యత ఉంటుందని ఉద్దేశం. మంచిదే. ఆ 10 శాతం కోసం చెవిటి పిల్లల బడి నడిపేవాళ్ళు ఊరూరా పుస్తకం పట్టుకుని తిరగాలి, తిరిగితే బడిలో లేరని తనిఖీలో రాస్తారు.

దొంగలు లేరని నేననడం లేదు. ఉన్నారు, పుష్కలంగా ఉన్నారు. దేశంలో 31 లక్షల స్వచ్ఛంద సంస్థలు రిజిస్టరై ఉన్నాయని, వాటిలో లెక్కలు దాఖలు చేసేవి 10 శాతం కూడా లేవని 2015లో సీబీఐయే సుప్రీంకోర్టుకి చెప్పింది. కనక కన్నేసి ఉంచాల్సిందే. నా గొడవల్లా ఆ కన్ను ఎటు చూస్తోందన్నదే. కాగితం చూసే కన్నుకి కాగితం చూపించేవాడు ఎప్పటికీ దొరకడు. వాడి దగ్గర ఫైళ్ళు రంగురంగుల ఫోల్డర్లలో ఉంటాయి. వోచరు మీద రెవిన్యూ స్టాంపు వంకర పోదు. ఫ్లెక్సీ మీద మంత్రిగారి ఫొటో పెద్దది, కలెక్టరు గారి ఫొటో దానికన్నా ఒక అంగుళం చిన్నది, తనది మూలన చేతులు కట్టుకుని నుంచున్నది. పరుపులకి ప్లాస్టిక్ కవర్లు తీసి ఉండవు. తనిఖీ దుప్పట్లని వేరే ఉంటాయి. సారు జీపు గట్టు దిగుతుండగా మంచాల మీదికి వస్తాయి, జీపు మలుపు తిరిగేలోపు బీరువాలోకి వెళ్తాయి. సారుకి బొండాం కొట్టిస్తాడు, వెళ్ళేటప్పుడు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె జీపులో పెట్టిస్తాడు. వరదనీరు ఎర్రబడ్డాక తనిఖీ వేయించుకుంటాడు, ఎందుకంటే గోదారికి పులస ఎదురెక్కేది అప్పుడే. అలాంటి చోట ప్రొఫార్మాలో అన్ని గడులూ నిండుతాయి. ఆబ్దికం పప్పుకి రసీదు లేని మాస్టారు దొరుకుతాడు, తనిఖీ దుప్పట్లవాడు ఉత్తమ సంస్థగా జనవరి 26న సర్టిఫికెట్ పుచ్చుకుంటాడు.

ఇది వెటకారానికి లొంగే సంగతి. లొంగనిది ఒకటుంది. బిహార్‌లో ముజఫర్‌పూర్ బాలికల గృహాన్ని సర్కారు డబ్బుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపింది. పిల్లల సంస్థలను మూడు నెలలకొకసారైనా తనిఖీ చేయాలని, బృందంలో కనీసం ముగ్గురుండాలని, వాళ్ళలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరని 2015 నాటి బాలల న్యాయ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది! ఆ ఇంటికి అధికారులు వచ్చిపోతుండగానే లోపల పిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. ఏ రిజిస్టరూ చెప్పలేదు. 2017లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం రాష్ట్రమంతటా 110 సంస్థల సోషల్ ఆడిట్‌కి దిగింది. వాళ్ళు పిల్లలతో మాట్లాడారు. పెద్ద యంత్రాంగం చేయలేని పని అదొక్కటే. 2018లో నివేదిక వచ్చింది, మే 31న కేసు నమోదైంది, 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది, నడిపినవాడికి యావజ్జీవం పడింది.

విదేశీ విరాళాల సంగతికి వస్తే అది మన కోనసీమకి సొంత ముచ్చట. ఇంటికొకరు గల్ఫులోనో అమెరికాలోనో ఉండే చోటు. పెద్దోడు కువైట్‌లో డ్రైవరు, చిన్నోడు టెక్సాస్‌లో ఇంజనీరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలు మునిగి, జనం ఏటిగట్టు మీద పరదాల కింద వండుకుంటున్నారు. అన్నదమ్ములిద్దరూ ఊరి సంస్థకి డబ్బు పంపుదామనుకున్నారు. పెద్దోడిది భారత పాస్‌పోర్టు కనుక, సొంత కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కానే కాదు. చిన్నోడు అమెరికా పౌరుడైపోయాడు కనుక అతను పంపే ప్రతి డాలరూ విదేశీ శక్తి. ఒకే తల్లి పాలు తాగారు, ఒకే చెరువులో ఈత నేర్చారు. తమ్ముడి డబ్బు మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే రావాలి, అదీ 2020 సవరణ ప్రకారం న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దిగాలి. వశిష్ఠ గోదావరి గట్టు మీద గంజికి ఉప్పు కావాలి, ఉప్పు డబ్బు పార్లమెంటు వీధిలో దణ్ణం పెట్టుకుని రావాలి.

పోనీ, ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉన్న పెద్ద సంస్థ దగ్గర ఆ రిజిస్ట్రేషన్ ఉంది, డబ్బూ ఉంది; లంకలో చిన్న సంస్థ దగ్గర నాటుపడవ ఉంది, ఏ ఇంట్లో బాలింత ఉందో తెలుసు. దీని డబ్బు దానికిస్తే సరిపోతుందిగా? కుదరదు. ఒక సంస్థ విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదని అదే సవరణ. పడవున్నవాడికి డబ్బు లేదు, డబ్బున్నవాడికి పడవ లేదు, ఇద్దరూ నిబంధనలు పాటించారు. పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది కూడా అప్పుడే. రిటర్నులు, ఆధార్లు, తీర్మానాలు పెరిగాయి. వీటిని రాసే గుమాస్తా, ఆడిటరు ఫీజు, ఆఫీసు అద్దె అన్నీ పాలనా ఖర్చే. పని పెంచి పనివాణ్ణి తగ్గించడం అంటే ఇది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను చాలావరకు సమర్థించింది కూడా, కనక మాట్లాడ్డానికి లేదు. ఎఫ్‌సీఆర్ఏ వచ్చాక ఇప్పటికి 20 వేలకు పైగా సంస్థల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. చాలావాటి నేరం ఏటా వేయాల్సిన రిటర్ను వేయకపోవడం. వాటిలో దొంగలెందరో, గుమాస్తాకి జీతం ఇవ్వలేక మానుకున్న మాస్టార్లెందరో ఆ జాబితా చూస్తే తెలియదు.

ఇంత జాగ్రత్త గల దేశంలో, అదే కోనసీమలో, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా కాలిపోయారు. పప్పు డబ్బాకి ఉన్నపాటి తనిఖీ పైపుకి ఉండి ఉంటే అనిపిస్తుంది. కానీ ఆ పైపు గ్రాంటు తీసుకోలేదు కదండీ.

మళ్ళీ తనిఖీ దగ్గరికొద్దాం, నవ్వొచ్చే సంగతొకటుంది. ముజఫర్‌పూర్‌లో పిల్లల్ని అడిగినట్టు మనిషినే అడిగి లెక్క తేల్చే విద్య ఎక్కడో పుట్టిందేం కాదు. రాజస్థాన్‌లో 1994లో కూలీలు తమ హాజరు పట్టీలు, అంటే మస్టర్లు, తెచ్చి ఊరి మధ్య గట్టిగా చదివారు. ఆ విద్యని సర్కారీ పద్ధతిగా మార్చింది మన రాష్ట్రమే. ఉపాధి హామీలో 2006లో మొదలుపెట్టి, 2009లో సోషల్ ఆడిట్‌కి విడిగా ఒక సొసైటీనే పెట్టారు. 2011లో కేంద్రం నిబంధనలు రాసుకునే వేళకి చూసి రాసుకోవడానికి మన పద్ధతి సిద్ధంగా ఉంది. ఊళ్ళో కుర్రాళ్ళు మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "సుబ్బాయమ్మా, కాలవ పూడికతీతకి ఆరు రోజులెళ్ళావని ఉంది, వెళ్ళావా?" "ఆరా? నేను మా అమ్మాయి పురిటికి రాజోలులో ఉంటే ఇక్కడ ఆరెళ్ళానా?" ఆ జవాబు గ్రామసభలో చదువుతారు, మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందూ మళ్ళీ చదువుతారు. సంతకం పెట్టిన మేటు అక్కడే నిలబడి ఉంటాడు. దొరికిన సొమ్ములో వసూలయ్యేది తక్కువేననుకోండి, అదింకో వ్యాసం. కనీసం ప్రశ్న అడగాల్సిన మనిషినే అడిగారు.

కూలీ తీసుకున్న ఆరు రోజులకి ఈ పద్ధతి పెట్టినవాళ్ళకి, ముసలివాళ్ళ ఆశ్రమానికీ అదే పెట్టొచ్చని తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2021-22లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ తన గ్రాంట్లతో నడిచే సంస్థల సోషల్ ఆడిట్‌కి ఒక పథకం తెచ్చింది. సంతోషం. మామ్మని అడుగుతారు. దగ్గు సంగతి చెబుతుంది. రాసుకునేవాళ్ళు గడి లేదని మానేయకుండా ఉంటే బావుణ్ణు.

వేదిక ఎలాగూ వేస్తున్నారు కనుక, ఖర్చు లేకుండా ఇంకో అరగంట పొడిగించమని నా మనవి. మాస్టారి లెక్క చదవండి, కాదనను. ఆబ్దికం పప్పుతో సహా చదవండి. అది అయ్యాక మైకు దించేయకుండా సర్కారు లెక్క కూడా అదే గొంతుతో చదవండి. దరఖాస్తు పోర్టల్లో పడిన తేదీ. తనిఖీకి సారు బయల్దేరిన తేదీ. నివేదిక అమలాపురం దాటిన తేదీ, రాష్ట్రం దాటిన తేదీ. మంజూరు తేదీ. డబ్బు ఖాతాలో పడిన తేదీ. మధ్యలో ఎన్ని నెలలో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మామ్మకి గీతలు పోయాయి గానీ వేళ్ళున్నాయి, సాయం పడుతుంది. ఆ నెలలకి నూటికి రెండు చొప్పున వడ్డీ కట్టి, 230వ నిబంధనలో రాసినట్టే, లెక్కలు ముగిసిన వెంటనే, అణాపైసలతో జమ చేయండి. సంచిత నిధికి వద్దు. అంబాజీపేట కిరాణా కొట్టు ఖాతా నంబరు మాస్టారి దగ్గరుంది. యూసీ కూడా ఆయనే ఇస్తారు, 12 నెలల గడువు ఇప్పించండి.